పన్నెండేళ్ళుగా 400 మెగాహెర్ట్జ్ ఎన్ఎంఆర్‌తో

పరవాడ ఫార్మా సిటీకి దగ్గరలోని మా ఔషధ పరిశోధనశాలలో 400 మెగాహెర్ట్జ్ ఎన్ఎంఆర్ యంత్రాన్ని (బలమైన అయస్కాంతంలో పరమాణు కేంద్రకాలు ఇచ్చే సంకేతాలతో అణువు నిర్మాణాన్ని చూపేది) పన్నెండేళ్ళుగా వాడుతున్నాను. ఇన్నేళ్ళలో నేను పొరపడిన సందర్భాలన్నీ ట్యూబులో ఏం పోశాను, స్పెక్ట్రంను, అంటే ఆ సంకేతాల పటాన్ని, ఎంత తొందరగా చదివాను అన్న చోటే మొదలయ్యాయి.

ఒకసారి పక్కపక్కనే రెండు నైట్రోజన్లున్న ఫినైల్ పైరజోల్ అనే అణువుకు మిథైల్ గుంపును తగిలించాం. అది రెండు నైట్రోజన్లలో దేనిపై చేరినా అణుభారం ఒకటే కనుక అణుభారం కొలిచే ఎల్‌సీఎంఎస్‌కు తేడా తెలియదు. మిశ్రమాన్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీలో సరుకు ఒకే పీక్‌గా కనిపించింది. ప్రోటాన్ (హైడ్రోజన్) స్పెక్ట్రంలోనూ 3.9 పీపీఎం (పీక్ స్థానాన్ని చెప్పే కొలత) దగ్గర మిథైల్ పీక్ నిటారుగా నిలబడింది. తరువాతి మెట్టుకు పంపబోతూ, ఎందుకో మనసొప్పక నోయెసీ (దగ్గరదగ్గరగా ఉన్న హైడ్రోజన్ల జతలను మచ్చలుగా చూపే ప్రయోగం) తీశాను. ఆ మిథైల్‌కు పైరజోల్ హైడ్రోజన్‌తో ఉండవలసిన మచ్చ లేదు, ఫినైల్ హైడ్రోజన్లతో ఉంది. అంటే మేము కోరిన నైట్రోజన్‌ను వదిలి, ఫినైల్ పక్కనున్న దానిపై చేరింది. ఆ సరుకే జీవపరీక్షలకు వెళ్ళి ఉంటే, ఫలితాలన్నీ మేము చేయని అణువు పేరున నమోదయ్యేవి.

విశాఖ గాలిలోని తేమ మాకు నిత్యం తలనొప్పి. నమూనాను కరిగించే, తేమను పీల్చుకునే డ్యుటీరియం (భార హైడ్రోజన్) డీఎంఎస్ఓ ద్రావణి సీసా నాలుగుసార్లు తెరిస్తే చాలు, 3.33 పీపీఎం దగ్గర నీటి పీక్ ఉబ్బి, అక్కడ రావలసిన మిథాక్సీ పీక్‌ను మింగేస్తుంది. ఇప్పుడు ఒక్కో ట్యూబుకు సరిపడే చిన్న ఆంపూల్సే తెప్పిస్తున్నాం; ఖర్చు ఎక్కువే అయినా నమూనాను మళ్ళీ మళ్ళీ తీసే పని తప్పింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. కంప్యూటర్లు, యంత్రాన్ని నడిపే కన్సోల్ ఆగిపోయినా అయస్కాంతానికి ఏమీ కాలేదు, ఎందుకంటే ద్రవ హీలియంలో 4.2 కెల్విన్ల వద్ద నిరోధం కోల్పోయిన దాని తీగచుట్టలో విద్యుత్తు తనంతట తానే తిరుగుతూ ఉంటుంది. మా భయమల్లా హీలియం త్వరగా ఆవిరి కాకుండా చుట్టూ ఉండి చల్లబరిచే ద్రవ నైట్రోజన్ గురించే. కూలిన చెట్ల మధ్య నుంచి బండి చేరేసరికి, వారానికొకసారి నింపవలసింది తొమ్మిదో రోజైంది.

లోపాలూ చెప్పాలి. సహజంగా 1.1 శాతమే ఉండే కార్బన్-13ను (ఎన్ఎంఆర్‌కు కనిపించే కార్బన్ రకం) రెండు మిల్లీగ్రాముల నమూనాలో చూడాలంటే రాత్రంతా పడుతుంది. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి రెట్టింపు కావాలంటే స్కాన్లు నాలుగింతలు చేయాలి. ప్రోటీన్‌కు అతుక్కునే చిన్న అణువులను ఎన్ఎంఆర్‌తో వెతికే పద్ధతిని అబాట్ ఔషధ సంస్థ శాస్త్రవేత్తలు 1996లోనే ప్రకటించారు కానీ, క్రయోప్రోబ్ (బలహీన సంకేతాలనూ పట్టే అతిశీతల గ్రాహకం) లేని మా యంత్రంపై ఎస్‌టీడీ ప్రయోగంతో (ప్రోటీన్ నుంచి దానికి అతుక్కున్న అణువుకు చేరే ప్రభావాన్ని చూసేది) లిగాండ్, అంటే ఆ చిన్న అణువు, వైపు నుంచి చూడడమే కుదురుతుంది. ప్రోటీన్ స్పెక్ట్రాల కోసం ఇంకా పెద్ద యంత్రాలున్న చోటికి పంపుతాం. దిగుమతిపై ఆధారపడిన హీలియం ధర ఏటా లెక్క తప్పిస్తోంది. ఒక సరఫరాదారు ఆరు వారాలు ఆలస్యం చేసినప్పుడు రోజూ మట్టం చూసుకుంటూ గడిపాం. మళ్ళీ కొనమంటే ఇదే 400 అడుగుతాను, ఆవిరైన హీలియాన్ని తిరిగి పట్టే ఏర్పాటును కూడా మొదటి బిల్లులోనే రాయిస్తాను.