మా రైస్ మిల్లులో ఏడేళ్ల పీఎల్‌సీ: నాకు నచ్చింది దాని ఆన్‌లైన్ మానిటర్

మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో కరెంటు పని చూస్తాను. ఏడేళ్ల కింద పాత రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ప్యానెల్ పీకేసి, చిన్న కాంపాక్ట్ పీఎల్‌సీ, అంటే ప్రోగ్రాం ప్రకారం మోటార్లను నడిపే కంట్రోలర్, పెట్టారు. ఇన్‌పుట్లెన్ని, అవుట్‌పుట్లెన్ని అనేది కేటలాగ్‌లోనే దొరుకుతుంది. నేను రాసేది ఒక్కదాని గురించే: నడుస్తున్న లాడర్‌ను (నిచ్చెన మెట్లలా గీసిన ప్రోగ్రాంను) ల్యాప్‌టాప్‌లో చూపించే ఆన్‌లైన్ మానిటర్.

పాత ప్యానెల్‌తో పదకొండేళ్లు వేగాను. వడ్లను పైకెత్తే ఎలివేటర్ ఆగితే దానికి వడ్లు పోసే కన్వేయర్ ఆగాలి, దాని వెనకదీ ఆగాలి. లేకపోతే ఎలివేటర్ అడుగున వడ్లు నిండి చోక్ అవుతుంది. ఈ ఇంటర్‌లాకంతా రిలేల్లో, టైమర్లలో ఉండేది. సప్లై ఎక్కడ తెగిందో కనుక్కోవాలంటే టెస్ట్ ల్యాంప్ పట్టుకుని ఒక్కో టెర్మినల్ తాకి చూడడమే. ఇప్పుడు కేబుల్ పెట్టి మానిటర్ తెరిస్తే కలిసి ఉన్న కాంటాక్టులన్నీ రంగుతో వెలుగుతాయి. వెలుగు ఏ కాంటాక్ట్ దగ్గర ఆగిందో అక్కడికి పోతే చాలు. 1968లో జనరల్ మోటార్స్ తన రిలే ప్యానెళ్లకు బదులు ఇంకేదైనా కావాలని అడిగితే తొలి పీఎల్‌సీల్లో ఒకటైన మోడికాన్ 084 పుట్టింది. రిలే డ్రాయింగులు చదివే ఎలక్ట్రీషియన్లు వాడాల్సిన యంత్రం కాబట్టే లాడర్‌కు ఆ రూపం వచ్చింది. ఐటీఐ చదివిన నేను రెండో రోజుకే అందులో మా కన్వేయర్లను గుర్తుపట్టాను.

మూడేళ్ల కింద యాసంగి సీజన్‌లో జరిగింది చెప్తాను. యాసంగి వడ్లను పచ్చిగా పడితే నూక ఎక్కువ, అందుకే ఆ రోజుల్లో బాయిల్డ్ రాత్రింబవళ్లు నడుస్తుంది. ఆవిరి పట్టిన వడ్లు డ్రయ్యర్‌లో ఆగిపోతే బియ్యం రంగు మారుతుంది. సరిగ్గా అప్పుడే డ్రయ్యర్ లైన్ రాత్రిపూట ఉన్నట్టుండి ఆగడం మొదలైంది. స్టార్ట్ బటన్ నొక్కితే ఏమీ జరగనట్టే నడిచేది. ఆపరేటర్ ఫోన్: "అన్నా, మల్ల ఆగింది. నేనేం ముట్టలే."

బెల్టు జారుతోందేమో అనుకున్నాం. ఎలివేటర్ కింది పుల్లీ దగ్గర ప్రాక్సిమిటీ సెన్సార్ ఉంది. తిరిగినంతసేపు పల్స్‌లిస్తుంది, రెండు సెకన్లు పల్స్ రాకపోతే ప్రోగ్రాం లైన్ ఆపేస్తుంది. సెన్సార్ మార్చాం, బెల్టు బిగించాం. ఆ రాత్రీ ఆగింది.

ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్యానెల్ ముందే కూర్చున్నాను. నేను చూస్తుండగానే ఆగింది, కానీ నాకేమీ కనిపించలేదు. మా ప్రోగ్రాం ఒక చుట్టు తిరగడానికి పట్టేది 8 మిల్లీసెకన్లు. కేబుల్ మీద తెర అంత వేగంగా మారదు. ఒక కాంటాక్ట్ క్షణంలో తెగి కలిస్తే పీఎల్‌సీకి తెలుస్తుంది, తెరకు అందదు. లైన్ ఆగాక చూస్తే మోటార్లన్నీ ఆగి ఉంటాయి కాబట్టి ఏది ముందు పోయిందో చెప్పలేం.

మరునాడు మధ్యాహ్నం లైన్ ఆపించి ప్రోగ్రాంకు కొన్ని రంగ్‌లు (లాడర్ మెట్లు) కలిపాను. ట్రిప్ అయ్యే (లైన్ ఆగే) ప్రతి కారణానికి ఒక బిట్, అంటే ప్రోగ్రాంలో ఒక గుర్తు. ముందు ఏది పడితే దాని బిట్ సెట్ అయి నిలుస్తుంది, మిగతావాటికి దారి మూసేస్తుంది. నేను రీసెట్ నొక్కేదాకా అది చెరగదు. ఆ రాత్రి రెండున్నర దాటాక ఫోన్ వచ్చింది. వెళ్లి మానిటర్ తెరిస్తే ఒకే ఒక్క బిట్ వెలుగుతోంది. ఎలివేటర్‌ది కాదు, రెండో కన్వేయర్ ఓవర్‌లోడ్ రిలేది (మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ఆపేది). రిలే ట్రిప్ కాలేదు, మోటార్ చల్లగా ఉంది. వైరు తెగినా లైన్ ఆగాలని ఓవర్‌లోడ్ మీద మామూలుగా కలిసే ఉండే 95-96 కాంటాక్ట్‌ను ఇన్‌పుట్‌కు తెచ్చారు. 96 దగ్గర వైరు మెల్లగా లాగితే చేతికే వచ్చింది. లగ్గును (వైరు కొసకు తొడిగే లోహపు ముక్కను) రాగి మీద కాకుండా ఇన్సులేషన్ మీద నొక్కేశారు. అదురుకు ఎప్పుడో ఒకసారి విడిపోయేది. కొత్త లగ్గు వేశాను. ఆ సీజన్‌లో మళ్లీ ఆగలేదు. ఆ తెల్లవారుజామున ఆపరేటర్ తెచ్చిన చాయ్ రుచి ఇప్పటికీ గుర్తుంది.

మానిటర్‌లో అన్నీ కనిపిస్తాయని మొదట్లో పక్క మిల్లులవాళ్లందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు అలా అనను. ఎం105, టీ12 అని నంబర్లు కనిపిస్తాయి. అవి ఏ మోటారువో, ఏ టైమరువో చెప్పే పేర్లు మా పీఎల్‌సీలో నిల్వ ఉండవు, అసలు ఫైలులోనే ఉంటాయి. ప్యానెల్ చేసినవాళ్లు ఆ ఫైలు ఇవ్వలేదు, తర్వాత ఫోన్ కూడా ఎత్తలేదు. వైర్ల మీది ఫెర్రూల్ నంబర్లు చూసుకుంటూ ఒక్కో పేరు రాసుకోవడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. పాస్‌వర్డ్ పెట్టలేదు కాబట్టి బతికిపోయాను. పెట్టి ఉంటే ఆ రంగ్‌లు కలపగలిగేవాణ్నే కాదు.

మానిటర్ పక్కనే ఉండే ఫోర్స్ అనే ఆప్షన్ అంటే మాత్రం నాకు భయం. సెన్సార్ సిగ్నల్ లేకున్నా ఉన్నట్టు పీఎల్‌సీని నమ్మించవచ్చు. ఎలివేటర్ డోర్ తీసి ఎవరో చెయ్యి పెట్టిన వేళ అలాంటిది మర్చిపోతే? మా ఎమర్జెన్సీ స్టాప్‌ను ప్రోగ్రాంకు వదల్లేదు, అది నేరుగా మోటార్లకు కరెంటు కలిపే కాంటాక్టర్ కాయిల్ సప్లైనే కోస్తుంది.

కొనాలా అంటే, నేను మిల్లు కాంపౌండ్‌లోనే ఉంటాను, పాత ల్యాప్‌టాప్ ఒకటి ప్యానెల్ కోసమే పెట్టుకున్నాను. అందుకే నాకు ఇది సరిపోయింది. కరెంటు మనిషి ఊరి నుంచి రావాల్సిన చిన్న మిల్లుకు, నాలుగు మోటార్లే ఉంటే, రిలే ప్యానెలే తేలికేమో. మా రెండో డ్రయ్యర్‌కు ఇప్పుడు కొటేషన్లు తెప్పిస్తున్నారు. పేర్లతో సహా ప్రోగ్రాం ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాకే చివరి బిల్లు ఇవ్వమని సేఠ్‌కు చెప్పాను.