పాలపిట్టకు ఇరవై మీటర్లు: 200-500 లెన్స్‌తో ఏడేళ్లు

పక్షుల ఫొటోల కోసం నికాన్ 200-500 ఎంఎం, ఎఫ్/5.6 జూమ్ లెన్స్‌ను 2018లో కొన్నాను. అప్పటినుంచీ డీ7200 కెమెరాకు తగిలించి వాడుతున్నాను. కొన్న వారానికే పులికాట్ వెళ్లాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా సాగే రోడ్డు పక్కన నిలబడి, దూరంగా గులాబీ గీతలా కనిపిస్తున్న ఫ్లెమింగోలను నాలుగు వందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్కదానిలోనూ పక్షి అంచు తేటగా లేదు. మెడలు కరిగిపోతున్నట్టు, కాళ్లు వణుకుతున్నట్టు ఉన్నాయి. లెన్స్ పాడైందేమోనన్న దిగులుతో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

చెడింది లెన్స్ కాదు, నేను ఎంచుకున్న వేళ. ఎండ ఎక్కాక నీటి మీదా ఉప్పునేల మీదా వేడిగాలి సుడులు తిరుగుతూ లేస్తుంది. పక్షికీ మనకీ మధ్య దూరం పెరిగేకొద్దీ ఆ గాలి మందం పెరుగుతుంది. ఎంత ఖరీదైన గాజయినా దాన్ని సరిచేయలేదు. మరోసారి తెల్లవారగానే వెళ్లి అదే చోట తీస్తే ఈకల వరుసలు విడివిడిగా వచ్చాయి.

ఆ తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. నా కెమెరా మీద పూర్తిగా జూమ్ చేసిన 500 ఎంఎం దగ్గర, ఇరవై మీటర్ల దూరంలో ఫ్రేమ్ వెడల్పు సుమారు 94 సెంటీమీటర్లు. పాలపిట్ట పొడవు ముప్ఫై సెంటీమీటర్ల పైచిలుకు, అంటే ఫ్రేమ్‌లో మూడో వంతు. అదే పిట్ట వంద మీటర్ల దూరంలో ఉంటే ఫ్రేమ్ వెడల్పు 4.7 మీటర్లు అవుతుంది, పిట్ట ఒక చుక్కలా మిగులుతుంది. అందుకే నా దృష్టిలో ఇది పది నుంచి ముప్ఫై మీటర్ల లెన్స్. దూరాన ఉన్నదాన్ని దగ్గరకు లాగుతుందని కొనేవారు నాలాగే నిరాశపడతారు.

ఇరవై మీటర్లలోకి వెళ్లడమే అసలు పని. నడిచి వెళితే పాలపిట్ట తీగ మీంచి లేచి తర్వాతి స్తంభానికి వెళ్లిపోతుంది. కారును మాత్రం అంతగా పట్టించుకోదు. నెమ్మదిగా వెళ్లి, ఇంజిన్ ఆపి, కిటికీ అంచున బియ్యం నింపిన గుడ్డసంచి పెట్టి, దాని మీద లెన్స్‌ను ఆనిస్తాను. ఇంజిన్ ఆపకపోతే ఆ అదురు మొత్తం ఫొటోలోకి వస్తుంది. సంచిని ఖాళీగా తీసుకెళ్లి బియ్యం అక్కడే కొంటే ప్రయాణంలో బరువూ తగ్గుతుంది.

బరువంటే గుర్తొచ్చింది. ట్రైపాడ్ పట్టీతో కలిపి ఈ లెన్స్ 2.3 కిలోలు. చేత్తో పట్టుకుని పది నిమిషాలు పక్షి కోసం ఎదురుచూస్తే ఎడమ మణికట్టు లాగుతుంది. చేతి వణుకును సరిచేసే వీఆర్ ఏర్పాటు చాలా బాగా పనిచేస్తుంది. కదలకుండా కూర్చున్న పక్షిని 1/125 సెకను షట్టర్ వేగం దగ్గర కూడా తేటగా తీశాను. కానీ అది ఆపేది మన చేతి వణుకునే, పక్షి కదలికను కాదు. ఎగిరే పిట్టకు 1/2000 కావాల్సిందే. ఎగిరేదాన్ని 500 దగ్గర నేరుగా వెతకకండి, దొరకదు. 300 దగ్గర ఫ్రేమ్‌లోకి తెచ్చుకుని తర్వాత జూమ్ చేయండి.

ఈ లెన్స్‌కు సరిగ్గా సరిపోయిన చోటు గుంటూరు దగ్గరి ఉప్పలపాడు. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. అవి మనుషులకు అలవాటు పడ్డాయి కాబట్టి గట్టు మీద నిలబడితే చాలు. ఒక ఉదయం తల్లి గూడబాతు చేపతో వచ్చి వాలింది. పిల్ల రెక్కలు కొట్టుకుంటూ దాని నోరు తెరిపించి, కింది సంచిలోకి మెడ దాకా తల దూర్చింది. పలుచని ఆ సంచి చర్మం మీద పిల్ల ముక్కు ఆకారం లోపలినుంచి కదలడం వ్యూఫైండర్‌లో స్పష్టంగా కనిపించింది. ఫొటో తీయడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. తేరుకుని తీసినవి మూడే, మూడూ ఇంట్లో గోడ మీద ఉన్నాయి.

కొనేటప్పుడు నేను లెక్కలోకి తీసుకోని మేలు ఒకటుంది. 2.2 మీటర్ల దగ్గర కూడా ఇది ఫోకస్ అవుతుంది. పక్షులు లేని మధ్యాహ్నాల్లో తూనీగలు తీస్తాను. అయిదు సెంటీమీటర్ల తూనీగ ఫ్రేమ్‌లో సగం వస్తుంది, మనం అంత దూరంలో ఉన్నాం కనుక బెదరదు. అడవిలో సంధ్యవేళ మాత్రం ఎఫ్/5.6 దగ్గర లోపలికి వచ్చే వెలుతురు చాలదు. వెలుతురును పట్టే సున్నితత్వాన్ని, అంటే ఐఎస్ఓను, 6400 దాకా పెంచి, ఫొటోలో గరుకుదనం భరించాల్సి వస్తుంది.

జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పాలి. జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగుతుంది, ముడిస్తే లోపలికి వెళుతుంది. తడిసిన గొట్టాన్ని తుడవకుండా ముడిస్తే తేమ కూడా లోపలికి పోతుంది. మొదటి వానాకాలం నేనదే చేసి, సంచిలో పెట్టి రెండు నెలలు తెరవలేదు. తీసి చూస్తే లోపలి గాజు అంచున సాలెగూడు దారాల్లాంటి బూజు. శుభ్రం చేయించాక తేమ కొలిచే మీటర్ ఉన్న గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో, తేమ 40-50 శాతం మధ్య ఉండేలా పెడుతున్నాను. మళ్లీ రాలేదు.

పాతది కొనేవారు ముందూ వెనుకా మూతలు తీసి, చీకటి గదిలో ఒక వైపు నుంచి ఫోను లైటు వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. ధూళి చుక్కలు ఉంటే ఫరవాలేదు. దారాలు కనిపిస్తే వదిలేయండి.