పిల్లల విషయంలో నాలుగు స్టార్లు, సిబ్బంది విషయంలో రెండే: మా బాబు స్కూల్ గురించి

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఉన్న ఒక సీబీఎస్‌ఈ స్కూల్ గురించి రాస్తున్నాను. నా వల్ల లోపల పనిచేస్తున్న ఆయమ్మలకూ టీచర్లకూ మాట రాకూడదు, అందుకే పేరు రాయడం లేదు. మా బాబు అక్కడ ఆరో తరగతి. నేను కూడా నిరుటి దాకా అక్కడే తెలుగు చెప్పాను, మా అత్తయ్య ఆరోగ్యం బాగోక మానేశాను గానీ గొడవపడి బయటికి వచ్చినదాన్ని కాదు. తల్లిగానూ టీచర్‌గానూ చూశాక నాకు అనిపించింది ఇదే: చదువులో వెనకపడే పిల్లల్ని, ఇబ్బందులున్న పిల్లల్ని కడుపులో పెట్టుకుని చూసుకునే స్కూల్ ఇది, కానీ ఆ గౌరవం ఆయమ్మల దాకా ఇంకా రాలేదు.

ముందు పిల్లల సంగతి చెప్తాను. మా బాబుకి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమవుతుంది. ఇక్కడికి రాకముందు వేరే స్కూళ్లకి వెళ్తే ఒక చోట 'ఇంటరాక్షన్' అని కూర్చోబెట్టి పేరా చదివించారు, వాడు రెండో లైన్లో తడబడగానే సీట్లు అయిపోయాయన్నారు. ఇంకో చోట క్లాసులో వాడి పక్కనే కూర్చుని సాయం చేసే షాడో టీచర్‌ని మీరే తెచ్చుకోండి, జీతం కూడా మీరే ఇచ్చుకోండి అన్నారు. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్ కోసం పిల్లలకి పరీక్ష పెట్టి వడకట్టకూడదు, మొదటిసారి దొరికితే 25 వేల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు, తెలిసినా సీటు పోతుందని నోరెత్తరు. ఈ స్కూల్లో ప్రిన్సిపాల్ మేడమ్ బాబు డిస్లెక్సియా రిపోర్టు అంతా చదివి, "బాబుకి ఏం చేస్తుంటే సంతోషంగా ఉంటుందమ్మా?" అని అడిగారు. ఆ రోజే ఫీజు కట్టేశాం.

ఇలాంటి పిల్లలకి విడిగా సాయం చేసే రిసోర్స్ రూమ్ చాలా స్కూళ్లలో బోర్డు మీదే ఉంటుంది, ఇక్కడ నిజంగా ఉంది. వాడికి తెలుగులో అసలు కష్టం ఒత్తుల దగ్గర, 'అమ్మ'లో ఒత్తు కింద పెట్టాలో పక్కన పెట్టాలో తేల్చుకోలేక చెమటలు పట్టేవి. అక్కడి స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి చెప్పడంలో శిక్షణ పొందిన టీచర్) ఏం చేశారంటే, పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి ముందు అక్షరాన్ని వేలితో రాయించి, తర్వాత ఒత్తుని వేరే వేలితో రాయించారు, కాగితం మీదకి వచ్చాక అక్షరం నల్ల పెన్సిల్‌తో, ఒత్తు ఎర్ర పెన్సిల్‌తో. అన్నేళ్లు తెలుగు చెప్పిన నాకు ఆ పద్ధతి తెలియదు, ఆవిడ దగ్గరే నేర్చుకుని నా క్లాసుల్లో అందరితోనూ రాయించాను, ఏ ఇబ్బందీ లేని పిల్లలకి కూడా బాగా పనికొచ్చింది. బోర్డు పరీక్షల్లో ఇలాంటి పిల్లలకి సీబీఎస్‌ఈ మూడు గంటల పేపర్‌కి గంట అదనంగా ఇస్తుంది, అవసరమైతే పిల్లలు చెప్తుంటే రాసిపెట్టే స్క్రైబ్‌ని పెట్టుకోనిస్తుంది. ఈ స్కూల్ ఆ లెక్కనే యూనిట్ టెస్టుల్లో కూడా అదనపు టైమ్ ఇస్తోంది, దాంతో వాడికి పరీక్ష అంటే ఉన్న టెన్షన్ సగం తగ్గింది.

స్పెషల్ ఎడ్యుకేటర్లు దొరకడం లేదండీ అనే స్కూళ్లకి ఒక మాట. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 1984 నుంచి మన దగ్గరే ఉంది, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ అక్కడే చెప్తారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి, డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలో ఇబ్బందులు అందులోనే చేరాయి. ఇంకా దొరకడం లేదు అంటే వెతకడం లేదనే అర్థం.

మిగతావి కూడా బాగానే ఉన్నాయి. టిఫిన్ బాక్సులో గుడ్డు తెచ్చావా, కూర ఏంటి అని అడిగేవాళ్లు లేరు, వెజ్‌కి ఒక బెంచీ నాన్‌వెజ్‌కి ఒక బెంచీ అని విడదీయడం లేదు. రోల్ నంబర్లు అబ్బాయిలందరూ అయ్యాక అమ్మాయిలు అని కాకుండా పేర్ల వరసలో ఉంటాయి. రంజాన్‌లో ఉపవాసం ఉన్న పిల్లల్ని గేమ్స్ పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చోనిస్తారు, దాని కోసం ఇంటి నుంచి చీటీ కూడా తేనక్కర్లేదు.

ఇక సిబ్బంది సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను.

స్టాఫ్ రూమ్‌లో టీ టైమ్‌కి టీచర్లందరికీ పూల డిజైన్ పింగాణీ కప్పులు వస్తాయి. ఆయమ్మలవి స్టీలు గ్లాసులు, కిటికీ గట్టు మీద విడిగా బోర్లించి ఉంటాయి. వాళ్లు టీ పట్టుకుని వరండాలోకి వెళ్లి మెట్ల మీద కూర్చుని తాగుతారు, లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే. దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి అంటే మన ఊళ్లలో ఎన్ని పోరాటాలు జరిగాయో, అంటరానితనాన్ని రద్దు చేస్తూ రాజ్యాంగంలో 17వ అధికరణం ఎందుకు పెట్టుకున్నామో సోషల్ పాఠంలో మనమే చెప్తాం, ఆ పాఠం చెప్పి వచ్చిన టీచరే ఆ కప్పు అందుకుంటుంది. మీటింగులో నేను ఈ మాట ఎత్తితే "వాళ్లకే అలా అలవాటు మేడమ్, మనం రమ్మన్నా రారు" అన్నారు. ఒక్కసారైనా ఎవరైనా రమ్మన్నారా? అరవై దాటిన ఆవిడని పాతికేళ్ల టీచర్లు "నువ్వు ఇటు రా" అని పిలుస్తుంటే, ఆ పెద్దావిడ వాళ్లని "చెప్పండి మేడమ్" అంటుంటే, పిల్లలు రోజూ చూస్తున్నారు. రిసోర్స్ రూమ్‌లో పిల్లలకి మేం నేర్పిందంతా ఆ వరండాలో నీరుగారిపోతోంది. స్టాఫ్ టాయిలెట్ కడిగేది ఆయమ్మలే, వాడుకోవడానికి మాత్రం గేటు పక్కనున్న దానికి వెళ్లాలి.

పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా ఒక అంతర్గత కమిటీ ఉండాలి, సగం మందైనా ఆడవాళ్లుండాలి, బయటి మనిషి ఒకరుండాలి, ఆ వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలి. ఇక్కడ నోటీసు ఉంది, కానీ ఎక్కడుంది? ప్రిన్సిపాల్ గది లోపల, బీరువా పక్కన, అదీ ఇంగ్లిష్‌లో, అందులో ఉన్న ఒక పేరు స్కూల్ మానేసిన టీచర్‌ది. ఫిర్యాదు ఇవ్వడానికి చట్టం మామూలుగా మూడు నెలలే గడువు పెట్టింది. బస్సులో పిల్లలతో వెళ్లే ఆయమ్మకి ఏదైనా జరిగితే ఆవిడ ఆ గదిలోకి వెళ్లి, ఆ ఇంగ్లిష్ చదువుకుని, ఎవరికి చెప్పాలో తెలుసుకునేసరికి ఎన్నాళ్లవుతుంది? తెలుగులో, ఉర్దూలో రాసి బస్సుల షెడ్డు దగ్గర ఒకటి, పంపుల దగ్గర ఒకటి అంటిస్తే అయ్యే ఖర్చెంత?

టీచర్లకి మాత్రం పర్వాలేదు. ఎండాకాలం సెలవుల్లో కూడా జీతం ఇస్తారు, మా తోటి టీచర్ ఒకావిడకి కాన్పుకి చట్టం ప్రకారం 26 వారాలూ జీతంతో సెలవు ఇచ్చారు, తిరిగి వచ్చాక అవే క్లాసులు ఇచ్చారు. ఆయమ్మలకి మాత్రం పది నెలల జీతమే.

ఇంకో వెలితి కూడా ఉంది. పేద పిల్లలకి ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్లు అని విద్యాహక్కు చట్టంలో 2010 నుంచి ఉంది, తెలంగాణలో ఏళ్ల తరబడి అది అమలు కాలేదు. నేనున్నప్పుడు అడిగితే ప్రభుత్వం అడగలేదు కాబట్టి మేమూ ఇవ్వలేదు అన్నారు. ఆయమ్మల మనవళ్లకి ఒక్కొక్క సీటు ఇవ్వడానికి ప్రభుత్వం అడగాలా? ఆ పిల్లలు ఆ గేటు దాటి లోపలికి వచ్చేది సాయంత్రం నానమ్మని తీసుకెళ్లడానికే.

ఇన్ని రాసినా మా బాబుని మాత్రం అక్కడే ఉంచుతున్నాను, వాడిలాంటి పిల్లలున్న వాళ్లకి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచిది నాకు కనపడలేదు. కానీ మీ పాప గానీ బాబు గానీ వీల్‌చెయిర్‌లో తిరిగేవాళ్లయితే చేర్చే ముందు ఒకసారి మూడో అంతస్తు దాకా నడిచి చూడండి. కింద ర్యాంప్ బాగానే కట్టారు, వాలు తక్కువ, పట్టుకోవడానికి రెండువైపులా రెయిలింగ్ ఉంది, అలాంటి పిల్లలున్న సెక్షన్‌ని కింది గదికి మారుస్తారు కూడా. సైన్స్ ల్యాబులు, కంప్యూటర్ ల్యాబు మాత్రం పైనే ఉన్నాయి, లిఫ్ట్ లేదు. వచ్చే ఏడాది వేయిస్తామని పోయినసారి పేరెంట్స్ మీటింగులో చెప్పారు, పని మొదలైతే ఇక్కడే రాస్తాను.