వడ్ల లెక్కలకు పోస్ట్‌గ్రెస్ డొమైన్లు: వాడి చెబుతున్నా

మిర్యాలగూడ రైస్ మిల్లులకు కాటా సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్) అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చింది డొమైన్, అంటే షరతు కలిపి మనమే పెట్టుకునే డేటా రకం. వడ్ల తేమ 17 శాతం దాటకూడదన్న షరతు అందులో ఒక్కసారి రాస్తే చాలు, ఆ రకం వాడే ప్రతి కాలమ్‌కూ వర్తిస్తుంది.

అసలు పని షరతు మార్చేటప్పుడే. అకాల వానకు తడిసిన వడ్లు కూడా ఎంట్రీ కావాలన్నాడు ఒక సేటు. చెక్‌ను, అంటే ఆ షరతును, నేరుగా దిద్దే కమాండ్ లేదు. ఆల్టర్ డొమైన్‌తో పాతది డ్రాప్ చేసి కొత్తది యాడ్ చేయాలి. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ అవుతాయి, లేదంటే ఏదీ కాదు) పెట్టండి, మధ్యలో ఫెయిలైనా పాత షరతు అలాగే ఉంటుంది.

షరతు బిగించాలంటే వేరే సంగతి. పోస్ట్‌గ్రెస్ ఆ డొమైన్ ఉన్న టేబుళ్లన్నీ వెతుకుతుంది, ఒక్క పాత వరుస తప్పినా ఒప్పుకోదు. నాట్ వాలిడ్ అని చేరిస్తే పాతవాటి జోలికి పోదు, కొత్త ఎంట్రీలనే ఆపుతుంది. తర్వాత తీరిగ్గా పాత డేటా సరిచేసి పాతవాటినీ తనిఖీ చేసే వాలిడేట్ కన్‌స్ట్రెయింట్ కమాండ్ కొట్టుకోవచ్చు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరిన సీజన్‌లో దీనివల్ల టెన్షన్ సగం తగ్గుతుంది.

డొమైన్ మూల రకాన్ని (అంకెలా, అక్షరాలా అన్నది) మాత్రం ఆల్టర్‌తో మార్చలేం. కొత్తది చేసుకుని కాలమ్‌లు మార్చాల్సిందే.

సన్నాలు, దొడ్డు వడ్లు అని ఈనమ్ (ముందే రాసిపెట్టిన విలువలే తీసుకునే రకం) పెట్టుకుంటే ఇంకా చిక్కు. విలువ చేర్చొచ్చు, 10వ వెర్షన్ నుంచి పేరూ మార్చొచ్చు, తీసేయడం కుదరదు. వానాకాలానికి ఒకటి, యాసంగికి ఒకటి రకాలు మారే మాకు మామూలు టేబుల్, ఫారిన్ కీ (ఆ టేబుల్‌లో ఉన్న విలువే రావాలనే లింకు) నయం.

సాఫ్ట్‌వేర్ ఉచితం. ఐదుకు నాలుగు స్టార్లు, ఒకటి ఈనమ్ దగ్గర కోసేశాను.