కలకత్తాలో ఒక్క పగలు, ఒక్కటే కడుపు

విశాఖ నుంచి డార్జిలింగ్ వెళ్లేవాళ్లకి కలకత్తా దారిలో తగిలే ఊరు. మేమెక్కిన రైలు తెల్లవారుజామున హౌరాలో దింపేసింది. సీల్దాలో డార్జిలింగ్ మెయిల్ ఎక్కేది రాత్రి పది దాటాక. మధ్యలో పగలంతా ఖాళీయే. మొన్న డిసెంబరులో నేనూ మా బావా ఆ పగలుని పూర్తిగా తిండికే రాసిచ్చేశాం.

రైల్లోనే బావ ఫోన్లో పదకొండు హోటళ్ల జాబితా తయారుచేశాడు. అన్నీ నాలుగున్నర స్టార్ల పైవే. ఒకటి ఊరికి ఉత్తరాన శోభాబజార్‌లో ఉంటే ఇంకోటి దక్షిణాన గరియాహాట్‌లో. "టైమ్ సరిపోతుందిరా, లెక్కేశాను" అన్నాడు. టైమ్ సరిపోతుంది బావా, కడుపే సరిపోదు అన్నాను. పెద్ద ఊళ్లో ఒక్క రోజు దొరికినప్పుడు నా లెక్క వేరే. మన ఊళ్లో దొరకనిదై ఉండాలి, ఒకచోట నుంచి ఇంకోచోటికి నడిచి వెళ్లగలగాలి, కూర్చుని కడుపు నిండా తినేది ఒక్క చోటే. మిగతావన్నీ రుచి చూసి వదిలెయ్యడమే. బేరాలయ్యాక జాబితా కాలేజ్ స్ట్రీట్ చుట్టుపక్కలకి కుదిరింది. సాయంత్రం మాత్రం బావ పట్టుబట్టిన పార్క్ స్ట్రీట్.

ముందు సామాను సంగతి. హౌరా క్లోక్‌రూమ్‌లో పెడితే రాత్రి మళ్లీ వంతెన దాటి రావాలి. అందుకని ట్యాక్సీలో తిన్నగా సీల్దా వెళ్లి అక్కడ పెట్టేశాం. బ్యాగుకి తాళం ఉంటేనే తీసుకుంటారు. బావ బ్యాగుకి లేదు. ఆరోజు మా మొదటి కొనుగోలు తాళంకప్ప.

టిఫిన్ టిరెట్టా బజార్‌లో. పోద్దార్ కోర్ట్ పక్కన, తరతరాలుగా ఆ ఊళ్లోనే స్థిరపడ్డ చైనా కుటుంబాల వాళ్లు పొద్దున్నే రోడ్డు మీద గిన్నెలు పెట్టుకుని అమ్ముతారు. ఎనిమిది దాటితే ఖాళీ చేసేస్తారు. ఆదివారం కళ వేరు, మేం వెళ్లింది శుక్రవారం కాబట్టి నాలుగైదు బల్లలే ఉన్నాయి. చేప ఉండల సూప్ మాత్రం ఆ చలిలో ప్రాణం లేపింది. ఉప్పు తక్కువ, మిరియం ఘాటు ఎక్కువ. కూర్చోవడానికి చోటు లేదు, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లూ లేవు. అయినా రేపు మళ్లీ దిగితే మొదట వెళ్లేది అక్కడికే.

కాలేజ్ స్ట్రీట్‌లోని ఇండియన్ కాఫీ హౌస్ గురించి అందరూ రాసేశారు కాబట్టి రెండు ముక్కలే. ఒకప్పటి ఆల్బర్ట్ హాలు అది. ఇప్పుడు నడిపేది అక్కడ పనిచేసేవాళ్ల సహకార సంఘం. తలపాగా పెట్టుకున్న సర్వర్లు, గోడ మీద పెద్ద టాగోర్ పటం, పైన బాల్కనీ, బల్లబల్లకీ వాదన. పాలు లేని కాఫీని అక్కడ 'ఇన్‌ఫ్యూజన్' అంటారు. మన ఫిల్టర్ కాఫీ తాగిన నాలుకకి అది కషాయమే. తిండి మామూలు. గోల వినడానికి వెళ్లండి, ఆకలి తీర్చుకోవడానికి కాదు.

ఆకలి తీరేది ప్రెసిడెన్సీ యూనివర్సిటీ పక్కన భవానీ దత్తా లేన్‌లో, స్వాధీన్ భారత్ హిందూ హోటల్లో. ఒకప్పుడు ఉత్త 'హిందూ హోటల్', స్వాతంత్ర్యం వచ్చాక 'స్వాధీన్ భారత్' ముందుకొచ్చి చేరింది. కుర్రప్పుడు సుభాష్ చంద్రబోస్ కూడా ఇక్కడ భోంచేసేవాడని చెప్పుకుంటారు. ఇలాంటివాటిని 'పైస్ హోటల్' అంటారు. పైసల్లో భోజనం పెట్టిన రోజుల పేరది. పద్ధతి ఇప్పటికీ అదే. ప్రతిదానికీ విడిగా లెక్క. అరిటాకుకి ఒక లెక్క, నిమ్మచెక్కకి ఇంకో లెక్క.

సర్వర్ వచ్చి ఆరోజు ఉన్నవన్నీ ఒక్క ఊపిరిలో చదివేశాడు. మాకు అర్థమైనవి 'భాత్', 'డాల్' రెండే. పక్కాయన ఆకు చూపించి "అదే, దాదా" అన్నాం. ముందు శుక్తో వచ్చింది. కాకరకాయ, ములక్కాడ, అరటికాయ, ఇంకేవేవో వేసిన పల్చటి కూర, చిరుచేదు. మేం అలవాటు కొద్దీ పప్పు కూడా అందులోనే పోసుకుని కలిపేస్తుంటే సర్వర్ ఆగి, మా చేతుల వంక చూసి, తల అడ్డంగా ఊపాడు. చేదు ముందు తినాలట, విడిగా. తర్వాత పప్పు, తర్వాత గసగసాలు నూరి వేసిన బంగాళాదుంప, ఆ తర్వాతే చేప. ఒకదానిలో ఒకటి కలపకూడదు. బావకి కోపం వచ్చింది గానీ, చేప వచ్చేసరికి మర్చిపోయాడు. పాబ్దా చేప, పైన ఆవముద్ద. నోట్లో పెట్టగానే ముక్కుపుటాల్లోకి ఎక్కింది. మా అమ్మ పనసపొట్టుకి ఆవ పెట్టిన రోజు ఇల్లంతా వచ్చే ఘాటే, కాకపోతే ఇక్కడ నూనె కూడా ఆవాలదే. ఇద్దరం కళ్లు తుడుచుకుంటూ తిన్నాం. మొత్తం ప్రయాణంలో ఒక్క భోజనం ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటా. బెంచీలు ఇరుకు, వెనక నిలబడ్డవాళ్లు మనం ఎప్పుడు లేస్తామా అని చూస్తుంటారు. కబుర్లాడుతూ తినే చోటు కాదు.

అక్కడి నుంచి కాలేజ్ స్క్వేర్ వైపు నడిస్తే పారమౌంట్. 1918 నాటి షర్బత్ కొట్టు, పాలరాతి బల్లలు. 'డాబ్ షర్బత్' అడగాలి. కొబ్బరినీళ్లు, తీపి, ఐసు, అడుగున లేత కొబ్బరి. దీని తయారీ చెప్పింది రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్లచంద్ర రాయ్ అని ఆ కొట్టు చరిత్ర. చలికాలం ఇది తాగి బావ సాయంత్రం దాకా దగ్గాడు. తప్పు షర్బత్‌ది కాదు, నెలది.

ఆ నెలలోనే తినాల్సింది మాత్రం ఇంకోటి ఉంది. ట్రామ్ పట్టాల వెంబడి ఉత్తరానికి నడుచుకుంటూ హెదువా దాకా వెళ్తే, సందులో గిరీశ్ చంద్ర దే - నకూర్ చంద్ర నంది మిఠాయి కొట్టు. 1844 నుంచి ఉంది. కుర్చీల్లేవు, ఇనప చువ్వల అవతల నుంచి అందిస్తారు. అక్కడే రోడ్డు మీద నిలబడి తినాలి. చలికాలం ఈతబెల్లం వస్తుంది, దాన్ని నొలెన్ గుడ్ అంటారు. దానితో చేసిన సందేశ్ ఒకటి కొరికితే లోపల పాకం గడ్డం మీదకి కారింది. రెండోది కొనకుండా రావడం ఆరోజు నేను చేసిన ఏకైక త్యాగం.

గిరీశ్ పార్క్‌లో మెట్రో ఎక్కి పార్క్ స్ట్రీట్ చేరాం. క్రిస్మస్ ముందు కావడంతో వీధంతా దీపాలు, జనం. బావ జాబితాలో మొదటి పేరున్న రెస్టారెంట్ ముందు పుస్తకంలో పేరు రాయించుకున్నాం. ఇరవై నిమిషాలన్నారు. గంటన్నర అయింది. మధ్యలో ఫోన్లో ముందే మాట్లాడుకున్నవాళ్లు మా పక్కనుంచే లోపలికి వెళ్లారు. అడిగితే సమాధానం చెప్పే మనిషి లేడు. రైలుంటే ఇలాంటి చోటికి వెళ్లకూడదని నా అభిప్రాయం, రుచి ఎంత గొప్పదైనా సరే. బావకి చెప్పలేదు, అప్పటికే మొహం వాడిపోయింది.

నడిచి న్యూ మార్కెట్ దగ్గర నిజామ్స్‌కి వెళ్లాం. కాఠీ రోల్ పుట్టిల్లు అది. కాఠీ అంటే పుల్ల, కబాబు గుచ్చే వెదురు పుల్ల. రెండు నిమిషాల్లో వేడివేడిగా చేతికొచ్చింది. పరాఠా అంచు కరకర, లోపల ఉల్లిపాయ, నిమ్మరసం. "గంటన్నర ముందే ఇక్కడికి రావాల్సింది" అన్నాడు బావ, నేనేదో ఆపినట్టు.

రైల్లోకని సీల్దా దగ్గర బిర్యానీ పార్సిల్ కట్టించాం. అందులో బంగాళాదుంప వేస్తారని తెలిసినప్పటి నుంచీ బావ నవ్వుతూనే ఉన్నాడు. 1856లో రాజ్యం పోయి లక్నో నుంచి ఇక్కడికి చేరిన నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్లు మొదలుపెట్టారట. "డబ్బుల్లేక దుంప వేసి ఉంటారు, దాన్ని గొప్పగా చెప్పుకోవడం" అన్నాడు. బండి కదిలాక పొట్లాలు విప్పాం. కారం లేదు, అత్తరు వాసన, ఒక్కో పొట్లంలో ఒక మాంసం ముక్క, ఒక గుడ్డు, మాంసం రసం పీల్చుకుని పసుపెక్కిన దుంప. నేను చెయ్యి కడుక్కొచ్చేసరికి నా పొట్లంలో దుంప లేదు.