అవాంటేసియా ‘ద మెటల్ ఒపెరా’: అన్నాకు దక్కింది ఒక్క పాటే

అన్నా హెల్డ్‌ మీద మంత్రగత్తె అన్న నింద వేసి చెరలో పెడతారు. కథ కదిలేదే ఆమె కోసం. అయినా పాటలతో కథ చెబుతూ దాదాపు గంటసేపు సాగే ‘ద మెటల్ ఒపెరా’ అనే ఈ ఆల్బమ్‌లో ఆమె గొంతు వినిపించేది ఒక్క పాటలోనే. పదిహేనేళ్లకు పైగా దీన్ని వింటున్నాను. ఈ సంగతి తట్టడానికే నాకు నాలుగైదేళ్లు పట్టింది. అంతకాలం ఆ లోటు కనబడకుండా బాణీలు కళ్లకు గంతలు కట్టాయి.

2001 జనవరిలో వచ్చిన ఆల్బమ్ ఇది. ఎడ్గై బృందం గాయకుడు టోబియాస్ సామెట్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు. అవలాన్, ఫాంటేసియా అన్న రెండు మాటలు అతికించి అవాంటేసియా అని పేరు పెట్టాడు. పాత్రకో గాయకుడి చొప్పున, పవర్ మెటల్‌లో (వేగం, హోరెత్తే పల్లవులు ఉండే హెవీ మెటల్ తరహా) అప్పటికే పేరు పడ్డవాళ్లను పోగుచేశాడు. గిటార్‌కు గామా రే బృందం నుంచి హెన్యో రిక్టర్, బేస్‌కు హెలోవీన్ నుంచి మార్కస్ గ్రాస్‌కోఫ్, డ్రమ్ములకు రాప్సడీ నుంచి అలెక్స్ హోల్జ్‌వర్త్ వచ్చారు. కీబోర్డు తానే వాయించాడు.

కథాకాలం 1602, చోటు జర్మనీలోని మైన్జ్. డొమినికన్ సన్యాసుల మఠంలో శిష్యుడైన గాబ్రియేల్ లేమాన్, తన సవతి చెల్లెలు అన్నాను చెరలో చూసి, తన గురువులు చేస్తున్నది ధర్మమేనా అని సందేహంలో పడతాడు. చదవకూడని పుస్తకం చదివి తానూ చెరసాల పాలవుతాడు. అక్కడ వాండ్రాయ్ అనే ముసలి డ్రూయిడ్ (ప్రాచీన కెల్టిక్ పూజారి) పరిచయమై, అవాంటేసియా అనే మరో లోకం ఆపదలో ఉందని చెబుతాడు. ఇక అక్కడినుంచి మరుగుజ్జులు, ఎల్ఫ్‌లు, ఒక గోపురం, ఒక ముద్ర. బిషప్ ఫాన్ బికెన్, పోప్ క్లెమెంట్ ఎనిమిది మాత్రం కల్పితాలు కారు, ఆ ఏడాది నిజంగానే ఆ పదవుల్లో ఉన్నవాళ్లు. తత్త్వవేత్త జొర్డానో బ్రూనోను రోమ్‌లో 1600లో సజీవదహనం చేసింది ఈ పోప్ ఏలుబడిలోనే. అంత బరువైన నేపథ్యం చేతిలో పెట్టుకుని మరుగుజ్జుల దగ్గరికి పరుగెత్తడం నాకు ఇప్పటికీ కొంచెం చిన్నపిల్లల వ్యవహారంలా అనిపిస్తుంది. ఆ మాట అంటూనే ఆ పాటలు వింటాను, అది వేరే సంగతి.

ముందు మంచి చెప్పాలంటే ‘రీచ్ అవుట్ ఫర్ ద లైట్’ చాలు. నిమిషం పైచిలుకు ‘ప్రెల్యూడ్’ ముగియగానే డ్రమ్ములు ఉరుకుతాయి, గాబ్రియేల్‌గా సామెట్ తన వంతు పాడతాడు. కాస్త గరుకుగా, తొందరగా, తెలియని దారిలో పడ్డ కుర్రవాడి గొంతు. ఆ తర్వాత వాండ్రాయ్‌గా మైకేల్ కిస్కే అందుకుంటాడు. ఒక్కసారిగా గది కిటికీ తెరిచినట్టు ఉంటుంది. అదే వేగం, అదే బాణీ, కానీ ఈ మనిషికి తొందర లేదు. పై స్థాయికి వెళ్లేటప్పుడు ఎక్కడా మెట్టు ఎక్కుతున్న శ్రమ వినబడదు. కుర్ర శిష్యుడు, ముసలి జ్ఞాని అన్న తేడా సాహిత్యంలో వెతకక్కర్లేదు, రెండు గొంతుల మధ్యే ఉంది. పాత్రలకు మనుషులను ఎంచుకోవడం అంటే ఇదీ. తమాషా ఏమిటంటే 1993లో హెలోవీన్ నుంచి బయటికి వచ్చాక మెటల్ సంగీతానికి దూరంగా ఉండాలనుకున్న కిస్కే, దీని మీద తన పేరు ‘ఎర్నీ’ అని వేయించుకున్నాడు. పాత హెలోవీన్ పాటలు విన్న చెవి ఏదైనా రెండో ముక్కకే పట్టేస్తుంది.

ఎంపికలో ఇంకో గెలుపు గాయకుడు డేవిడ్ డిఫైస్. గాబ్రియేల్ గురువు జేకబ్‌గా ‘సర్పెంట్స్ ఇన్ పారడైజ్’లో అతని గొంతు బుసకొడుతుంది, గుసగుసలాడుతుంది, ఉన్నట్టుండి కేక పెడుతుంది. మొదట్లో అతి అనిపించి దాటేసేవాణ్ణి. ఇప్పుడు ఈ ఆల్బమ్‌లో నిజంగా నటించినవాడు అతనొక్కడే అనిపిస్తుంది. మిగతావాళ్లు పాడారు, గొప్పగా పాడారు.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. అందరూ ఒకేలాంటి ఉత్సాహంతో పాడతారు. రోమ్‌కు బయలుదేరిన బిషప్ బృందానికి ఇచ్చిన ‘ద గ్లోరీ ఆఫ్ రోమ్’ బాణీ వినండి. ఆల్బమ్ మొత్తంలో ఇంత సంబరంగా ఉన్న పల్లవి మరొకటి లేదు. అమాయకురాలిని కాల్చడానికి సిద్ధపడ్డవాళ్ల పాటను నేను ఎన్నిసార్లు కూనిరాగం తీశానో లెక్కలేదు. ఇది కావాలని చేసిన ఎత్తిపొడుపైతే సామెట్‌కు దండం పెడతాను. కానీ ‘సైన్ ఆఫ్ ద క్రాస్’లో పోప్ పక్షం, గాబ్రియేల్ పక్షం ఒకే పాటలో ఎదురుపడినప్పుడూ ఎవరి రంగు వాళ్లకు పడదు. పక్షం మారినా రిఫ్ (గిటార్ మీద పదేపదే వచ్చే స్వరాల వరుస) మారదు, డబుల్ బాస్ డ్రమ్ములు అలాగే దౌడు తీస్తాయి. ఒపెరా అని పేరు పెట్టుకున్నాక పాత్రకో రాగం, సన్నివేశానికో నడక ఆశించడం అత్యాశ కాదు కదా.

కథ చెప్పే పద్ధతి ఇంకా బలహీనం. ఏం జరిగిందో తెలియాలంటే సీడీతో వచ్చిన చిన్న పుస్తకం చదవాల్సిందే. ఒకసారి మెటల్ బాగా వినే మిత్రుడికి ఏమీ చెప్పకుండా మొత్తం వినిపించి కథ చెప్పమన్నాను. “ఎవరో ఎక్కడికో బయలుదేరారు, చాలా సంతోషంగా ఉన్నారు” అన్నాడు. సన్నివేశాలను కలపడానికి పెట్టిన చిన్న ముక్కలు ‘ప్రెల్యూడ్’తో కలిపి నాలుగు, అన్నీ కలిపినా ఆరు నిమిషాలు కావు. వాటిలో పనికొచ్చింది ‘మాలియస్ మాలెఫికారమ్’ ఒక్కటే. మంత్రగత్తెలను ఎలా పట్టుకోవాలో, ఎలా విచారించాలో చెబుతూ 15వ శతాబ్దం చివర్లో డొమినికన్ సన్యాసి హైన్రిక్ క్రేమర్ రాసిన పుస్తకం పేరు అది. వణుకు పుట్టించే ఆ వాతావరణం రెండు నిమిషాల లోపే ఆరిపోతుంది, మళ్లీ దౌడు. ధ్వనిముద్రణ గురించి ఒక్క మాట: కీబోర్డు మీద పలికించిన వాద్యబృందం మామూలు స్పీకర్లలో నిండుగానే ఉంటుంది, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పల్చదనం బయటపడుతుంది.

‘ఇన్‌సైడ్’ రెండున్నర నిమిషాల పియానో పాట. ఊపిరి తీసుకోవడానికి మంచి చోటు, అంతకంటే ఏమీ లేదు. చివర వచ్చే ‘ద టవర్’ దాదాపు పది నిమిషాలు ఉంటుంది. గోపురంలోని గొంతుగా అప్పటి స్ట్రాటోవేరియస్ బృందం గిటారిస్టు టిమో టోల్కి పలుకుతాడు. అతుకుల బొంతలా ఉందని చాలాకాలం దీన్ని పక్కన పెట్టాను. ఎల్ఫ్ ఎల్డరేన్‌గా పాడిన ఆండ్రే మాటోస్ 2019లో పోయాక మళ్లీ ఓపికగా విన్నాను. సన్నగా, అంచున నిలబడి వణికే ఆ గొంతు కోసం ఇప్పుడు అతుకులను భరిస్తాను. కథ మాత్రం అక్కడ ముగియదు, సగంలో ఆగుతుంది. మిగతాది 2002లో వచ్చిన రెండో భాగంలో ఉంది. దాని మొదటి పాట ‘ద సెవెన్ ఏంజెల్స్’ పద్నాలుగు నిమిషాల్లో చేసిన పని, ఈ గంట మొత్తంలో జరగలేదు. అక్కడ పాట నిజంగానే సన్నివేశం మారినప్పుడల్లా మారుతుంది.

ఇక అన్నా పాట, ‘ఫేర్‌వెల్’. జానపద ఛాయ ఉన్న చిన్న బాణీతో మొదలవుతుంది. గాబ్రియేల్ వీడ్కోలు చెబుతూ గొంతు పెంచుకుంటూ పోతాడు. అన్నాగా పాడిన షారన్ డెన్ అడెల్ వచ్చేటప్పటికి గోల సద్దుమణుగుతుంది. ఆమె గట్టిగా పాడదు. చుట్టూ అందరూ కొండలు పిండి కొట్టేంత ఊపులో ఉంటే, ఈమె ఎదురుగా కూర్చున్న ఒక్కరికే చెబుతున్నట్టు పాడుతుంది. వందల సార్లు విన్నాను కదా, ఆ చోటు వచ్చేసరికి చేస్తున్న పని ఇప్పటికీ ఆగుతుంది. ఆ తర్వాత పల్లవి ఆమెను కప్పేస్తుంది, ఆల్బమ్ చివరిదాకా ఆమె మళ్లీ రాదు.

కొత్తగా వినేవాళ్లు మొదటి ఆరు పాటలు వరుసగా, మధ్యలో ఆపకుండా వినండి. పుస్తకం తర్వాత తెరవవచ్చు. తీరిక లేని రోజుల్లో నేనూ అంతే చేస్తాను, ఆరోదైన ‘ఫేర్‌వెల్’ దగ్గర ఆపేస్తాను. పూర్తిగా వినే రోజున ‘ద టవర్’ అయిన వెంటనే రెండో భాగం పెట్టుకుంటాను. అందులో ‘ఇన్‌టు ది అన్‌నోన్’ దాకా ఓపిక పడితే అన్నా మళ్లీ పాడుతుంది.