స్టుట్‌గార్ట్‌లో మా మెట్ల వారం

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మొదటి ఆరు వారాలు సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. గది శుభ్రం, దుప్పట్లు వారానికోసారి మార్చేవాళ్లు, ట్రామ్ స్టాప్ ఎదురుగానే. కానీ ఇక్కడి పద్ధతులు చెప్పే మనిషే లేడు. మొదటి ఆదివారం పాలు అయిపోయి బయటికొస్తే వీధంతా మూసి ఉంది. ఆ రోజు సూపర్‌మార్కెట్లు తెరవరని, పెద్ద రైల్వే స్టేషన్లలో మాత్రం కొన్ని షాపులు ఉంటాయని అప్పుడే తెలిసింది.

ఇంకో రోజు రాత్రి పదిన్నరకి చట్నీకి మిక్సీ వేశాం. పక్కింటాయన తలుపు కొట్టి, ఏమీ అనకుండా చేతి గడియారం చూపించాడు. చాలా సిగ్గేసింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు, ఆదివారమైతే రోజంతా. దీన్ని రూహెసైట్ అంటారు. గాజు సీసాలు వేసే డబ్బా మీద కూడా ఏ వేళల్లో వేయాలో రాసి ఉంటుంది.

తర్వాత అద్దెకు తీసుకున్నది లిఫ్ట్ లేని మూడో అంతస్తు. ఇక్కడ చాలా ఇళ్లు వంటగదిలో స్టవ్వు, సింకు కూడా లేకుండా ఇస్తారు. పాత అద్దెవాళ్ల సామాను కొనుక్కుని సర్దుకున్నాం. ఖర్చు ఎక్కువే అయినా నాకు ఈ ఇల్లే నచ్చింది. కారణం కింది ఇంటి పెద్దావిడ.

దిగిన రెండో వారం మా తలుపు పిడికి చిన్న చెక్క పలక వేలాడుతూ కనిపించింది. ఆ వారం మెట్లు ఊడ్చి తుడవడం మా వంతు. ఈ ప్రాంతంలో దాన్ని కేర్‌వోఖె అంటారు, పాత ఆనవాయితీ. నేను పైపైన ఊడ్చేసి వచ్చేశాను. పెద్దావిడ బకెట్, గుడ్డ పట్టుకుని పైకొచ్చి, ప్రతి మెట్టు మూలా వేలితో చూపిస్తూ, కమ్మీ కింది వైపు కూడా తుడిపించింది. ఖాళీ నీళ్ల సీసాలు పారేస్తున్నామని చూసి మమ్మల్ని సూపర్‌మార్కెట్‌లోని మెషీన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు వెనక్కి వస్తాయి.

మధ్యలో రెండు రోజులు బెర్లిన్ చూశాం. అక్కడ రాత్రి పొద్దుపోయాక కూడా తెరిచి ఉండే చిన్న కొట్లు చాలా ఉన్నాయి, సౌకర్యంగా అనిపించింది. మాతో వచ్చిన స్నేహితుడు టికెట్ కొన్నాడు కానీ ప్లాట్‌ఫామ్ మీది మెషీన్‌లో ముద్ర వేయించలేదు. స్టేషన్లో గేట్లు ఉండవు కాబట్టి గమనించలేదు. 60 యూరోలు జరిమానా కట్టాడు. కొత్తగా వెళ్లేవాళ్లు ఇది తప్పక గుర్తుపెట్టుకోండి.

కుటుంబంతో ఉండాలంటే నేను స్టుట్‌గార్ట్‌కే ఓటేస్తాను. ఇప్పుడు ఇడ్లీ పిండి శనివారం పగలే రుబ్బేస్తున్నాం. పెద్దావిడకి ఈమధ్య తుంటి ఆపరేషన్ అయింది. ఆమె వంతు వచ్చిన వారం కూడా పలక మా తలుపుకే తగిలించుకుంటున్నాం.